రోగికి కావలసినది దాతయా, మిత్రుడా?



క్యాన్సర్ అను పేరు ఒక యింట వినబడగానే ఆ యింటికి రాకపోకలు తగ్గుట మన గ్రామములలో చూచుచున్నాము. సంఘమునకు ప్రేమ లేదని కాదు. కానుక పోగుచేసి పంపుదుము. ఆదివారమున పేరు చెప్పి ప్రార్థింతుము. అయినను ఆ గడప దాటుటకు జంకుదుము. ఇచ్చుట సులభము, ప్రక్కన కూర్చుండుట కష్టము. ఇచ్చినంత మాత్రమున మన ఋణము తీరినదా?

ఈ ప్రశ్నకు మన ప్రాంతమునుండియే ఒక జవాబు కలదు. నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్‌లో సేవ చేయుచుండిన అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాటలాడిరి. (1912లో ఆయనయే డోర్నకల్ బిషప్పు అయిరి.) మిషనరీల త్యాగమును, దానములను ఆయన తక్కువ చేయలేదు. అంతయు ఒప్పుకొని, మాకు మిత్రులు కూడ కావలెనని అడిగిరి. దాత పైనుండి చేయి చాచును. మిత్రుడు సమానముగా ప్రక్కన కూర్చుండును.

రోగియు దీనినే అడుగుచున్నాడు. నిన్నటివరకు పొలము దున్నినవాడు, పెండ్లి మాటలకు పెద్దగా పిలువబడినవాడు, నేడు పుచ్చుకొనువాడు మాత్రమే ఆయెను. మిత్రుడు పోయి, “మామా, ఈ యేడు పత్తి పెట్టుదునా, మిరప పెట్టుదునా?” అని అతని సలహా అడుగును. అతడిచ్చిన నీళ్లు త్రాగును.

నీళ్ల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. తాకుటవలన, కలిసి తినుటవలన అది రాదు. అయినను కొన్ని యిండ్లలో రోగికి కంచము వేరు, గ్లాసు వేరు. వేరు గ్లాసు అనగా ఏమో మనలో అనేకుల తాతలెరుగుదురు. హోటలు బయట నిలిచి వేరు గ్లాసులో చాయ త్రాగినవారి బిడ్డలము. ఆ గ్లాసునే మన తల్లి యెదుట పెట్టుదుమా? జలుబు, జ్వరము ఉన్నవారు మాత్రము మందు ఎక్కించుకొనుచున్న రోగియొద్దకు పోకుండుట మేలు. ఆ కాలమున అతని ఒంటిలో తట్టుకొను శక్తి తగ్గియుండును.

“ప్రభువు తోడుండగా మనుష్యులెందుకు? అది విశ్వాసలోపము కాదా?” అని కొందరందురు. గెత్సేమనే తోటలో ప్రభువు తండ్రికి ప్రార్థించుటకు పోవుచు ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకొని, తనతో మేలుకొనియుండుడని అడిగెను. వారు ఆయన శ్రమను తీసివేయలేరు, అయినను అడిగెను. ఆయన అడిగినదానిని రోగి అడుగుట లోపమెట్లగును?

ఏమి మాటలాడవలెనో తెలియక కొందరు పోరు. యోబు మిత్రులు ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చున్నంతవరకు మంచి మిత్రులే. నోరు తెరచి అతని పాపమును వెదకినప్పుడు చెడిరి. కాబట్టి మాటలు లేకున్నను పోవచ్చును.

ఇక పని కలదు. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో 1955లో స్థాపింపబడిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి మనవారు అనేకులు పోవుదురు. జనగామ, మహబూబాబాదు వారు రైలెక్కుదురు. భూపాలపల్లి వారు హనుమకొండ మీదుగా బస్సులో పోవుదురు. కరెంటు పెట్టించుకొనుటకు తరచుగా వారమునకు అయిదు దినముల చొప్పున కొన్ని వారములు అక్కడ ఉండవలెను. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరించును గాని, వరుసలో నిలుచుటకు, రాత్రి ప్రక్కన ఉండుటకు మనిషిని పంపదు. ఆ మనిషి సంఘమునుండి పోవలెను. వంతులు వేసికొనుడి: ఒకరు ఆసుపత్రికి, ఒకరు ఇంట పిల్లలయొద్దకు, ఒకరు గొడ్ల మేతకు. నెలల తరబడి సేవచేసి అలసిన భార్యను, భర్తను ఒక రాత్రియైనను నిద్రపోనిండు.

కానుక ఆపవలదు, దానిని పట్టుకొని మీరే పొండు. పోయి కూర్చుండుడి. వారి యింటి గ్లాసులోనే నీళ్లు త్రాగుడి.