అంతర్జాలంలో మిత్రాన్వేషణ: ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగునాట పాఠశాలల్లో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు తరచుగా జరుగుతున్నాయి. ఫలానా సంవత్సరం పదో తరగతి చదివినవారు పాతికేళ్ల తర్వాత ఒకచోట చేరడం, గురువులను శాలువాలతో సత్కరించడం, పాత తరగతి గదిలో బల్లల మీద కూర్చొని ఫొటో దిగడం వీటిలో కనిపించే క్రమం. దీని వెనుక నెలల తరబడి సాగిన వెతుకులాట ఉంటుంది. ఒకరి ద్వారా మరొకరి ఫోన్ నంబరు సంపాదించి వాట్సాప్ బృందంలో చేరుస్తారు. దొరకనివారి పేర్లను ఫేస్‌బుక్‌లో వెతుకుతారు. 2004లో మొదలై 2014 సెప్టెంబరు 30న మూతపడిన ఆర్కుట్ రోజుల్లోనూ ఈ అన్వేషణ ఉంది. దూరమైన మిత్రుణ్ణి వెతికి పట్టుకొనే సాధనం చేతిలో ఉన్నంత మాత్రాన పాత స్నేహం మీద హక్కు ఏర్పడుతుందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

రెండు పూర్వకథలు

సహాధ్యాయిని వెతుక్కుంటూ వెళ్లడం మన కావ్యాలకు కొత్త కాదు. నన్నయ ఆదిపర్వంలోని ద్రోణ ద్రుపదుల కథ, పోతన భాగవత దశమస్కంధంలోని కుచేలోపాఖ్యానం పక్కపక్కన పెట్టి చూడదగినవి. రెండింటిలోనూ వెళ్లినవాడు పేద బ్రాహ్మణుడు. వెళ్లింది ఐశ్వర్యవంతుడైన చిన్ననాటి మిత్రుని దగ్గరికి. ప్రయాణానికి ఇంటి పేదరికమే కారణం. ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు.

ద్రోణుడు తాను మిత్రుడనని చెప్పుకుంటే, రాజుకూ పేదకూ స్నేహం పొసగదని ద్రుపదుడు అవమానించాడు. ద్రోణుడు శిష్యుల చేత గురుదక్షిణగా ద్రుపదుని బంధింపజేసి, పాంచాలంలో సగం తీసుకొని, ఇక స్నేహానికి అడ్డు లేదన్నాడు. ద్రుపదుని తప్పు స్పష్టమే. అయితే ద్రోణుని దృష్టిలోనూ పాత స్నేహం వసూలు కావలసిన బాకీగా మారిందని గమనించాలి. ఆ వసూలు పర్యవసానం ధృష్టద్యుమ్నుని పుట్టుక, కురుక్షేత్రంలో ద్రోణవధ.

కుచేలుడు భార్య ప్రోత్సాహంతో అటుకుల మూటతో ద్వారకకు వెళ్లి, ఏమీ అడగకుండానే తిరిగి వచ్చాడు. కృష్ణుడు అతణ్ణి తన తల్పం మీద కూర్చోబెట్టి, కాళ్లు కడిగి, ముందుగా ఇల్లాలి గురించి, సంసారం గురించి అడిగాడు. ఆ తర్వాతే సాందీపని ఆశ్రమంలో కట్టెల కోసం అడవికి వెళ్లి గాలివానలో చిక్కుకున్న రోజును తలచుకున్నాడు. వర్తమానాన్ని ముందు విచారించి గతాన్ని తర్వాత తలచుకున్న ఈ వరుసలో ఒక మర్యాద ఉంది.

ప్రత్యభిజ్ఞ

పూర్వం చూచినదాన్ని మళ్లీ చూచి గుర్తుపట్టే జ్ఞానం ప్రత్యభిజ్ఞ. దీనికి ‘అతడే ఈ దేవదత్తుడు’ అన్న ఉదాహరణ శాస్త్రగ్రంథాల్లో ప్రసిద్ధం. అద్వైతులు దీనినే భాగత్యాగలక్షణకు ఉదాహరణగా స్వీకరించారు. అప్పటి దేశకాలాలూ ఇప్పటి దేశకాలాలూ పరస్పరం పొసగవు. ఆ రెండింటినీ విడిచిపెడితే దేవదత్తుడు మిగులుతాడు. స్నేహానికి దీనిని అన్వయిస్తే చిక్కు ఎదురవుతుంది. లోకంలో మనిషి తన దేశకాలాలను విడిచి ఉండడు. పాతికేళ్లలో ఒకరు ఉద్యోగం పోగొట్టుకొని ఉండవచ్చు. ఒకరు భార్యనో భర్తనో పోగొట్టుకొని ఉండవచ్చు. మరొకరు ఆ ఊరినీ, అక్కడ తమకు అంటగట్టిన గుర్తింపునూ కావాలనే వదిలి వచ్చి ఉండవచ్చు. తరగతిలో ఏడిపించడానికి పెట్టిన పేరుతో బృందంలో పిలిస్తే, పిలిచినవారికి అది చనువు. పిలిపించుకున్నవారికి పాత గాయం. తెర మీద కనిపించేది ఇప్పటి దేవదత్తుని ఫొటో. వెతికేవారి మనసులో ఉన్నది అప్పటి దేవదత్తుడు.

మిత్రులలో ఒకరు ఎదిగి, మరొకరు ఉన్నచోటనే ఉండిపోతే స్నేహం కొనసాగాలా అని అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’ తొమ్మిదో భాగంలో చర్చించాడు. పూర్వ సాన్నిహిత్యాన్ని బట్టి, అపరిచితులకన్నా పాత మిత్రులకు కొంత ఎక్కువ ఇవ్వాలన్నది అతని అభిప్రాయం. ఆ ‘కొంత’ ఎంత అన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం.

వెతికేవారి బాధ్యత

ద్వారకకు వెళ్లిన కుచేలుణ్ణి కృష్ణుడు చూడగలిగాడు. ఇప్పుడు వెతికేవారు ఎదుటివారి ఊరు, ఉద్యోగం, పిల్లల ఫొటోలు ముందే చూడగలరు. ఎదుటివారికి ఆ సంగతే తెలియదు. స్త్రీల విషయంలో ఇది మరింత సున్నితం. చాలా కుటుంబాల్లో పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. బడి రిజిస్టరులోని పేరుతో వెతికితే ఆమె దొరకదు. తెలుగు పేరును ఆంగ్లలిపిలో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాయడం మరో అడ్డంకి. అలా దొరకనివారిలో, తమను ఎవరైనా గుర్తుంచుకున్నారని తెలిస్తే ఎంతో సంతోషించేవారు ఉంటారు. కనబడకుండా ఉండటాన్ని తామే ఎంచుకున్నవారూ ఉంటారు. బయటినుంచి చూస్తే ఈ ఇద్దరి మౌనం ఒకేలా ఉంటుంది.

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. అయితే సహాధ్యాయుల మధ్య పలకరింపు ఎక్కడ ఆగాలో కోర్టు తీర్పులు చెప్పవు. ఆ పని మర్యాదది. అడగకుండా నంబరును బృందంలో చేర్చకపోవడం, ముందుగా ఒకరే విడిగా పలకరించి తామెవరో చెప్పడం, జవాబు రాకపోతే రెండోసారి ఒత్తిడి చేయకపోవడం ఆ మర్యాదలో భాగాలు.

ముగింపు

అందరూ ఇంతగా సంకోచిస్తే ఎవరూ ఎవరినీ కలుసుకోలేరన్న ఆక్షేపణ రావచ్చు. అందులో నిజం ఉంది. ఇల్లాలు పదేపదే చెప్పకపోతే కుచేలుడు బయలుదేరేవాడే కాదు. కాబట్టి వెతకడం తప్పు కాదు. ఒకసారి తలుపు తట్టడం పాత స్నేహానికి చెల్లించవలసిన గౌరవం కూడా. అరిస్టాటిల్ చెప్పిన ‘కొంత’ బహుశా అంతవరకే. తలుపు తీయడమా మానడమా అన్నది లోపలివారి ఇష్టం. తీయనివారు ద్రుపదులు కానక్కరలేదు. తీయలేదని తట్టినవారు ద్రోణులు కాకుండా ఉండగలిగితే, మరో పదేళ్లకైనా లోపలినుంచి పలకరింపు రావడానికి చోటు మిగిలి ఉంటుంది.