డిస్ట్రిబ్యూటర్ మారినా కారు అదేనా?

ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు, ఇంజన్ వరసలో మన అంబాసిడర్‌కు దగ్గరి చుట్టం. ఎంజీబీది 1798 సీసీ, అంబాసిడర్‌ది చాలాకాలం 1489 సీసీ. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజన్లే. ఇలాంటి పాతకార్లను సాకేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. అరిగిపోయిన డిస్ట్రిబ్యూటర్‌ను బాగుచేయించాలా, తీసేసి కొత్తది బిగించాలా? పైకి ఇది డబ్బుల లెక్క. లోపల మాత్రం దార్శనికులు శతాబ్దాల పాటు తర్కించిన సమస్య ఉంది: భాగాలు మారుతూ పోతుంటే వస్తువు అదేనని దేన్నిబట్టి అంటాం?

బౌద్ధ గ్రంథం ‘మిలిందపన్హ’లో నాగసేనుడు మిలిందరాజును అడిగింది ఇదే. ఇరుసు రథమా? చక్రాలా? కాడా? ఏదీ కాదు, అన్నీ కలిపినా కాదు. భాగాలను ఆధారం చేసుకుని లోకం వాడుకునే పేరే రథం. న్యాయ వైశేషికులు దీన్ని ఒప్పుకోలేదు. అవయవాలకు వేరుగా ‘అవయవి’ అనే ద్రవ్యం నిజంగా ఉందన్నారు. అయితే ఒక్క అవయవం ఊడినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందనీ వాళ్లే చెప్పారు. ఆ లెక్కన డిస్ట్రిబ్యూటర్‌లోని సీబీ పాయింట్లు మార్చిన ప్రతిసారీ షెడ్డులోంచి కొత్త కారే బయటికి రావాలి. 7వ శతాబ్దపు బౌద్ధ తాత్త్వికుడు చంద్రకీర్తి ‘మధ్యమకావతారం’లో ఇంకో అడుగు వేశాడు. భాగాల పోగే కాదు, వాటి అమరిక వల్ల వచ్చే ఆకారం కూడా రథం కాదన్నాడు.

ఈ చివరి మాట కటువుగా తోస్తుంది. అమరికైనా నిలవదా?

డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే జవాబు కనిపిస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే దీని షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. షాఫ్ట్ మీది కామ్ పాయింట్లను తెరిచిన ప్రతిసారీ కాయిల్‌లో హైవోల్టేజీ పుడుతుంది. రోటర్ దాన్ని 1-3-4-2 వరసలో ప్లగ్గులకు పంచుతుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 100 స్పార్కులు. పాయింట్ల మధ్య ఉండాల్సిన సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు మాత్రమే. కామ్‌ను రాసుకునే మడమ అరిగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది, టైమింగ్ వెనకబడుతుంది. అంటే ఎవరూ ఏ భాగాన్నీ మార్చకపోయినా అమరిక రోజూ కొంచెం కొంచెం మారిపోతూనే ఉంది. మెకానిక్ ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేసినప్పుడే అది మళ్లీ మొదటి కొలతకు వస్తుంది. చంద్రకీర్తి వాదానికి ఇంతకన్నా దగ్గరి యంత్రసాక్ష్యం దొరకడం కష్టం. ‘అదే కారు’ అనేది ఇనుములో దాగిన స్వభావం కాదు. చేస్తూ ఉండాల్సిన పని.

ఆ పని ఏమిటో తెలిస్తే మొదటి ప్రశ్నకు దారి దొరుకుతుంది. 1974 వరకు ఎంజీబీలలో వచ్చిన లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద దాని నంబరు, తయారైన కాలం చెక్కి ఉంటాయి. ఆ నంబరు అలంకారం కాదు. పాయింట్ల ప్లేటు కింద రెండు బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి స్పార్కును ఎంత ముందుకు జరపాలో ఒక్కో ఇంజన్‌కు ఒక్కో లెక్క. ఆ లెక్కే నంబరు చెప్పేది. చూడ్డానికి అచ్చు అలాగే ఉండి చక్కగా బిగిసే కొత్త డిస్ట్రిబ్యూటర్‌లో ఆ లెక్క వేరైతే, కారు నడుస్తుంది కానీ ఇంజన్ తయారైన తీరుతో పొత్తు కుదరదు. అరిగిన బుష్ వల్ల షాఫ్ట్ ఊగుతుంటే కొత్త కంచు బుష్ వేయించి, స్ప్రింగులు సరిచూసి, రోటర్ కింద రెండు చుక్కల నూనె వేసుకుంటే పాతదే మళ్లీ నమ్మకంగా పనిచేస్తుంది. పాయింట్లు తీసి, అదే మూత కింద ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకున్నా బరువులు, స్ప్రింగుల లెక్క చెదరదు. కారును ‘అదే’గా ఉంచే విషయంలో, ఒంటికి రంగు వేసి లోపలి లెక్క పోగొట్టిన దానికంటే ఈ మార్పే మేలు.

భాగాలు మారినా అదే కారా అన్న ఈ వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. 1929, 1930 లమాన్ పందేలు గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ను కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకున్న సంస్థ, అది నిజమైన కారు కాదంటూ వెనక్కి తగ్గింది. నాటి భాగాలు చాలావరకు మారిపోయాయన్నది నిజమే. అయినా ఆ కారు చరిత్ర ఎక్కడా తెగలేదని, అది నకలు కాదని లండన్ హైకోర్టులో జస్టిస్ ఆటన్ 1990లో తీర్పు చెప్పారు. ఇనుమును కాకుండా కొనసాగింపును చూసిన ఆ తీర్పు నాగసేనుడికి నచ్చేది.

మన దేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని వాహనాలను వింటేజ్‌గా నమోదు చేస్తారు. స్ప్రింగుల లెక్క గురించి అధికారి అడగడు. అది యజమాని మనస్సాక్షికి వదిలేసిన విషయం. కొత్తది తప్పనిసరి అయినప్పుడు పాత డిస్ట్రిబ్యూటర్‌ను తుక్కులో పడేయకుండా, దాని నంబరు, మార్చిన తేదీ, కారణం రాసిన చీటీతో కారు కాగితాల దగ్గరే భద్రపరచాలి. రేపు ఆ కారు చేతికందే మనిషి ఏది మారిందో, ఏది మారలేదో తెలుసుకుని తన వంతు పని మొదలుపెట్టడానికి ఆ చీటీ చాలు.