రేవు క్రింది సాక్ష్యము

పూర్వుల కీర్తిని చాటుకొనుటకు ముందునిలుచు మనము, వారి పాపమునకు సాక్ష్యము బయటపడినపుడు దానిని కాపాడుటకు వెనుదీయుట న్యాయమా?

బ్రెజిలు దేశమున రియో డి జనైరో నగరములో వలోంగో అను పాత రేవు కలదు. 1811లో కట్టిన ఆ రాతిరేవున ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలను దింపుచుండిరి. ఆ తీరమున దిగినవారు సుమారు 9 లక్షలని అంచనా. 1843లో, చక్రవర్తికి పెండ్లికూతురై వచ్చు తెరెసా క్రిస్టినా రాణి పాదములకు ఆ రాళ్లు తగవని కాబోలు, వానిపై వేరొక రేవు కట్టిరి. 1911లో దానినిగూడ పూడ్చిరి. 2011లో తీరమును పునర్నిర్మింపబూని త్రవ్వగా, రాణి రేవు క్రింద బానిసల రేవు కనబడెను. పూసలు, గవ్వలు, తాయెత్తులు, మట్టి చుంగాణీలు దొరికెను.

మానిన గాయమును రేపనేల యని కొందరందురు. ఈ వాదమును మేమంగీకరింపజాలము. గాయము మానినదని చెప్పవలసినవారు దానిని అనుభవించినవారే గాని కప్పిపెట్టినవారు గారు. వర్తకుని లెక్కలు దఫ్తరములలో నిలిచినవి, బానిసకు దఫ్తరమెక్కడిది? అతడు మొలకు కట్టుకొని వచ్చిన తాయెత్తే అతని వాఙ్మూలము. పునాది త్రవ్వు యంత్రము ఒక్క గడియలో దానిని రూపుమాపగలదు.

కావున తీరమున క్రొత్త కట్టడము లేపుటకు ముందు నీటి యడుగును, మట్టి యడుగును ఓపికతో వెదకించుట ప్రభుత్వమునకు విధి. 2017లో వలోంగో ప్రపంచ వారసత్వ స్థలమైనది. కోరంగి రేవునుండి కూలికై సముద్రము దాటిన తెలుగువారిని తలచుకొన్నచో, ఈ ధర్మము మనకును దూరము గాదు.