తఖ్తు, బెంచీ

మా ఇంటి దివాన్‌ఖానాలో టేకు తఖ్తు ఒకటి ఉండేది. దాని మీద అబ్బా కూచునేవాడు, ఆయన దోస్తులు కూచునేవాళ్లు, ఈద్ నాడు మౌల్వీ సాబ్ కూచునేవాడు. చలికాలం ముందు రజాయిల దూది ఏకడానికి వచ్చే దూదేకుల చాచా మాత్రం గడప దగ్గర నేల మీదే. కూచోవద్దని ఎవరూ అనలేదు. కూచుంటానని ఆయనా అనలేదు. మసీదులో ఇద్దరూ ఒకే సఫ్‌లో, భుజానికి భుజం ఆనించి నిలబడేవాళ్లు. మా గడపకీ మసీదుకీ మధ్య వంద అడుగులు. ఆ వంద అడుగుల్లో ఏం మారిపోతుందో అడగాలని నలభై దాటాక గాని నాకు తోచలేదు.

నిరుడు గాలిదుమారానికి మా వాకిట్లో వేపచెట్టు కూలింది. కోయించి, పలకలు నీడన ఆరబెట్టి, బెంచీ నేనే చేస్తానన్నాను. ‘సయ్యదుల ఇంట్లో రంపం చప్పుడా?’ అంది అమ్మీ. పక్క గల్లీ వడ్లాయనకు నేర్పమని చెబితే ‘మీకెందుకు సాబ్ ఈ పని, నేను చేసిస్త గద’ అన్నాడు. ఇద్దరి మాటా ఒకటే.

బీఏ చదివాను. ఇరవై ఏళ్లుగా రెండు భాషల్లో శ్రమ గురించి కాలాలకు కాలాలు రాశాను. చిత్రిక ఎటు తోయాలో తెలియలేదు. పోగుకు ఎదురు తోస్తే కట్టె పెచ్చులు లేస్తుంది. కాలి కొస సన్నగా చెక్కి పలకలో తొలిచిన బెజ్జంలోకి బిగించాలి. వదులైతే ఊగుతుంది, బిగువైతే పలక చీలుతుంది. నేను రెండూ చేశాను. ఆడుతోందని ఒక కాలు కోశాను, తర్వాత రెండోది, మళ్లీ మొదటిది. కుర్చీ ఎత్తు అనుకున్నది పీట ఎత్తుకు దిగింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఈ చేతులతో ఇన్నాళ్లూ ఏం రాశానా అనిపించింది.

హజ్రత్ జకరియా వడ్రంగి అని సహీ ముస్లింలో ఉంది. ప్రవక్త ఒక అన్సారీ స్త్రీకి కబురంపి, వడ్రంగి పని తెలిసిన ఆమె గులాంతో తాను కూచోవడానికి మింబర్ చేయించమన్నారని బుఖారీలో ఉంది. ఆ గులాం పేరు మీద మాత్రం ఉల్లేఖనాలు ఒక్కటిగా లేవు. ఎన్ని జుమ్మాలకు ఖుత్బా విన్నానో! మింబర్ చేసిన చేతుల గురించి ఒక్కటీ వినలేదు.

2007లో ఆంధ్రప్రదేశ్ చట్టం 14 ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ జాబితా చూడండి: అత్తరు సాయిబులు, ధోబీలు, హజాంలు, ఖసాబులు, రాళ్లు కొట్టే తురక కాశలు. దూదేకులవాళ్లు అంతకుముందే బీసీల్లో ఉన్నారు. సయ్యదులను, మొగలులను మినహాయించారు. ఇస్లాంలో కులమెక్కడిదని మనవాళ్లు వాదించారు. అల్లా దగ్గర లేదు, నిజమే. మా తఖ్తు దగ్గర ఉంది.

‘బయట ఇంత విషం చిమ్ముతుంటే ఇంటి గుట్టు ఇప్పుడే విప్పాలా?’ అన్నాడొక దోస్తు. ఈ దేశంలో నన్ను కిరాయిదారులా చూస్తున్నారని గొంతు చించుకునేవాణ్ణి నేనే. సొంత ఇంట్లో చాచాను కిరాయిదారు కన్నా తక్కువ చేశాక, ఆ గొంతును ఎవరు నమ్మాలి? నేనైనా నమ్మాలా? చాచా పోయాడు. ఆయన కూచునేదేదో చూసే భాగ్యం నాకు లేదు.

బెంచీ అయ్యాక వడ్లాయనను పిలిచాను. కూచోమన్నాను. ఆయన కూచోలేదు. బెంచీ బోర్లించి, ఒక్కో కాలూ పట్టుకుని ఊపి చూశాడు.

‘ఇది ఇంక ఆడుతుంది సాబ్’ అన్నాడు.