గడీలో డప్పు

నిజాం కాలంలో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పల్లెలో డప్పుకారుడు ఒకడుండేవాడు. పెళ్లయినా, సావైనా, పోచమ్మ బోనాలైనా అతని దరువు పడితేనే ఊరు కదిలేది. ఓ బోనాల నాడు దొర చెవిన ఆ దరువు పడింది.

"ఇగ నువ్వు మా గడీల తప్ప ఏడా కొట్టొద్దు. ఇంటిల్లిపాదికి సరిపోను వడ్లు నేనిస్త" అన్నాడు.

"నీ బాంచెన్ దొరా, ఎప్పుడెప్పుడు రావాలె?"

"నేను పిలిచినప్పుడు."

కాగితం మీద వేలిముద్ర పడింది.

ఆ దసరాకు పిలుపొచ్చింది. గడ్డి మంట వేసి డప్పును అటూ ఇటూ తిప్పుతూ కాచాడు. తోలు బిగిసిందో లేదో వేలితో కొట్టి చూసి, అప్పుడు చిర్ర, సిటికెన పుల్ల చేతికి తీసుకున్నాడు. దొర చుట్టాలు ఆహా అన్నారు. దొర మీసం దువ్వాడు. ఆ తర్వాత ఆయనకు వేరే సరదాలు దొరికాయి, డప్పు సంగతి మరిచాడు. పక్కూళ్ల వాళ్లు పెళ్లిళ్లకని వచ్చి అడిగితే గడీ మనుషులు కాగితం చూపించి తరిమేవారు. వడ్లు మాత్రం ఏ ఏడూ తప్పలేదు. డప్పు చూరుకు వేలాడుతూ వానకు మెత్తబడింది, పురుగు పట్టింది.

ఏళ్ల తర్వాత కొడుకు పెళ్లికి దొర కబురంపాడు. డప్పు కాచి కొడితే చప్పుడే లేవలేదు. దొర కన్నెర్ర చేశాడు.

"వడ్లు నాకు పెట్టిన్రు దొరా. డప్పుకు దరువే తిండి. దాన్ని పస్తులుంచిన్రు."

నీతి: కళాకారుడికి కూలి ఇచ్చినంత మాత్రాన అతని కళకు తాళం వేసే హక్కు ఎవరికీ రాదు.

ఘన్‌పూర్ డప్పు కథ కల్పితం. సినిమా నటి కాంచనమాల కథ నిజంగా జరిగింది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల'తో ఆమె పేరు తెలుగునాట మారుమోగింది. అదే ఏడు 'గృహలక్ష్మి'. 1942లో జెమినీ స్టూడియో అధినేత వాసన్ తీసిన 'బాలనాగమ్మ'లో మాయల మరాఠీ చెరలో చిక్కిన బాలనాగమ్మ ఆమే. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. కానీ జెమినీతో రాసుకున్న ఒప్పందం ప్రకారం ఆమె బయటి చిత్రాల్లో నటించకూడదు. వాసన్‌తో పేచీ ముదిరింది, వేషాలు ఆగిపోయాయి. భర్త పోయాడు, మనసు చెదిరింది. అందుకు ఒప్పందం ఒక్కటే కారణమని నేననను. అయితే అంతటి నటికి నటించే దారి మూసేసిన కాగితాన్ని న్యాయమని ఎలా అనగలం?

ఆమెను ఆదుకున్నది తోటి నటి లక్ష్మీరాజ్యం. తాము నిర్మించిన 'నర్తనశాల'లో ఓ చిన్న వేషం కూడా ఇచ్చింది. అది 1963. 'బాలనాగమ్మ' విడుదలై అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. వాసన్ వ్యాపార దక్షత గురించి పుస్తకాలు రాసుకోవచ్చు. నేను దండం పెట్టేది మాత్రం లక్ష్మీరాజ్యానికే.