కొమ్ములకు నూనె

మా అంబాసిడర్‌ని అమ్మే ముందురోజు నేను చేసింది మోసమా కాదా అన్నది నాకింకా తేలలేదు. చేసింది చూస్తే చిన్న పనే. కారుకి కొబ్బరినూనె రాశాను.

1989 మోడల్, తెలుపు, డీజిల్ బండి. మొగుళ్లపల్లి నుంచి పరకాలకీ, హన్మకొండ ఆస్పత్రులకీ, రెండేళ్లకోసారి మేడారం జాతరకీ బాపు దాన్ని కిరాయికి తిప్పేవాడు. దాన్ని శుభ్రం చేయడానికని మేం విడిగా ఏ డబ్బా కొన్నది లేదు. దసరా ముందురోజు అన్నీ వంటింట్లోంచే బయటికొచ్చేవి. అద్దాలకు తడిపిన పాత పేపరు, తారు మరకలకు కిరోసిన్, డాష్‌బోర్డుకీ టైర్లకీ కొబ్బరినూనె, సన్నగీతలకు టూత్‌పేస్టు. బంపర్ మీద తుప్పు చుక్కలుంటే బాపు తన సిగరెట్ ప్యాకెట్లోని వెండిరేకుని నీళ్లలో ముంచి రుద్దేవాడు. ఆ రేకు అల్యూమినియం, క్రోమ్ కంటే మెత్తన. తుప్పు పోతుంది, గీత పడదు. చింతపండుని మాత్రం బంపర్ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "అది ఇత్తడి బిందెలకు. దీని మీది పూత ఉల్లిపొర అసొంటిది" అనేవాడు.

టూత్‌పేస్టు పని నాది. రుద్దాక గుడ్డకి అంటే తెలుపంతా పేస్టుదే అనుకునేవాణ్ణి. అందులో మా కారు రంగు కూడా ఉందని చాలా ఏళ్లకు అర్థమైంది. ఇప్పటి కార్లకి రంగు మీద ఇంకో పారదర్శకమైన పూత ఉంటుంది, ఆ పాత బండికి అది లేదు. పేస్టులో ఉండేది సన్నటి రాపిడి పొడి. అంటే ముద్దు చేసిన ప్రతిసారీ దాన్ని కాస్త అరగదీశాం.

నూనె కథ వేరు. ఎండకి మాగిన పాత రంగు సున్నంగోడలా గరుకు తేలుతుంది. గరుకు మీద పడిన వెలుతురు చెదిరిపోయి బండి మసగ్గా కనిపిస్తుంది. నూనె ఆ సన్నగుంటల్ని నింపుతుంది కాబట్టి కాసేపు అద్దంలా ఉంటుంది. రెండ్రోజుల్లో దుమ్ము పట్టి, రాయకముందే నయం అనిపిస్తుంది.

2014లో కంపెనీ అంబాసిడర్ల తయారీ ఆపేశాక వాటి మీద పట్నంలో మోజు పెరిగింది. 2021లో వచ్చిన రూల్ ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి యాభై ఏళ్లు దాటాలి. మాది 2039 దాకా ఉత్త పాత బండే. అయినా హైదరాబాద్ నుంచి ఒకబ్బాయి చూడ్డానికి వస్తానన్నాడు. ముందురోజు నేను ఊరెళ్లి, సీసా అడుగున మిగిలిన కిరోసిన్‌తో తుడిచి, బానెట్ నుంచి డిక్కీ దాకా నూనె పట్టించాను. డ్రైవర్ సీటు కింద కొత్త మ్యాట్ వేశాను. ఇది ముందే చెప్పాల్సింది. ముందద్దం రబ్బరు సందులోంచి వాన నీళ్లు కారీకారీ అక్కడ రేకు తినేసి, రూపాయి బిళ్లంత కంత పడింది.

బాపు చుట్టూ తిరిగి చూశాడు. "ఎవనికోసంరా గీ ముస్తాబు?"

"కొనేటోళ్ల కోసం."

"ఎల్లుండికి ఏమైతది?"

నేను మాట్లాడలేదు. లోపల్నుంచి అమ్మే అందుకుంది. "ఎడ్లను అంగడికి తోలినప్పుడు నువ్వు కొమ్ములకు నూనె రాయలేదా?"

"రాసిన. కొనెటోడు నోరు తెరిచి పండ్లు సూడకుండ పైసలిస్తడా?"

ఆ రాత్రి దీని గురించే ఆలోచించాను. అంగట్లో నూనె మోసం కాదు, మర్యాద. అమ్మేవాడు రాస్తాడనీ, కొనేవాడు దాన్ని పట్టించుకోకుండా పళ్లు చూస్తాడనీ ఇద్దరికీ తెలుసు. రెజ్యూమెలో మనం రాసుకునే విశేషణాలూ, డేటింగ్ యాప్‌లో పెట్టే ఫోటోలూ కొంతవరకు ఇలాంటివే. కానీ ఆ అబ్బాయికి అంబాసిడర్ పళ్లెక్కడుంటాయో తెలీదు. మ్యాట్ ఎత్తాలని తట్టదు. నా నూనె పని, అతని చూపుని బానెట్ మీదే ఆపడం.

ఇంకోటి కూడా ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ని ఎంత మెరిపించినా ఎవరికీ అభ్యంతరం లేదు, అది అమ్మకానికి లేదు. దసరాకి మేం రాసిన నూనె కూడా రెండ్రోజుల్లో వెలిసిపోయేది. వెలిసిన బండిని మళ్లీ తుడిచేది మేమే. అదే నూనె, అదే చెయ్యి. ఈసారి వెలిసిపోయే రోజుకి అక్కడుండేది వేరేవాడు. బాపు 'ఎల్లుండి' అన్నది దాని గురించే అనుకుంటాను. ఆయన్నడిగితే ఇంత పొడుగు చెప్పడు.

మరి నేను చేసింది తప్పేనా? మ్యాట్ సంగతి ఒప్పుకుంటాను. నూనె దగ్గరే ఆగిపోతాను. తలకి నూనె పెట్టకుండా పిల్లల్ని బడికి కూడా పంపరు మా ఊళ్లో.

తెల్లారి లేచి చూస్తే బాపు సర్ఫు నీళ్లతో బండంతా కడిగేశాడు. ఎప్పట్లాగే సున్నంగోడ. అబ్బాయి పదింటికొచ్చాడు. అతను డోర్ తీయగానే బాపు వంగి మ్యాట్ ఎత్తాడు. "ఇగో, ముందు గిది సూడు బిడ్డా." అబ్బాయి కంతలో వేలు పెట్టి, ఫోటో తీసి ఎవరికో పంపి, ఇరవై వేలు తగ్గించమన్నాడు. బాపు పదిహేనుకి ఒప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పదిహేను వేల మీద నాకింకా కోపమే.

వెళ్లేముందు ఆ అబ్బాయి, బంపర్‌కి ఏం వాడాలంకుల్ అనడిగాడు. బాపు అలవాటుగా జేబు తడుముకున్నాడు. సిగరెట్లు మానేసి నాలుగేళ్లయింది. అమ్మ లోపలికెళ్లి, నేను తెచ్చిన చాక్లెట్ రేకు మడతలు సాపు చేసుకుంటూ వచ్చింది.