పాత బండి కదా

ఐడిల్‌లో ఉన్న ఇంజన్ కడుపులో ఒక లోటు ఉంటుంది. థ్రాటిల్ దాదాపు మూసి ఉండగా పిస్టన్లు కిందికి దిగుతుంటాయి, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పలచబడుతుంది. బయటి గాలితో పోల్చి ఆ లోటెంతో చెప్పేది వాక్యూమ్ గేజ్. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్ళలో, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కి ముల్లు 17 నుంచి 22 అంగుళాల మధ్య నిలకడగా ఉండాలి.

న్యూజెర్సీలో నా గరాజ్‌లో ఉన్న 1972 డాట్సన్ 240జెడ్‌కి అది 14 చూపించింది.

గేజ్ తగిలించేదాకా ఆ సంగతి నాకు తెలీదు. అంతకుముందు రెండేళ్ళూ, సిగ్నల్ దగ్గర బండి వణికినప్పుడల్లా ఐడిల్ స్క్రూ పావు చుట్టు తిప్పేవాణ్ణి, కార్బురేటర్ల కింద నట్లు తిప్పి పెట్రోలు కాస్త పెంచేవాణ్ణి. వణుకు పోయేది. పాత బండి కదా, అనుకునేవాణ్ణి. కొనడానికొచ్చిన కుర్రాడితోనూ అదే అన్నాను. అందులో అబద్ధం లేదు. అతను అడ్వాన్స్ ఇచ్చి వెళ్తూ, "వీకెండ్‌కి మా ఆవిణ్ణి బీచ్‌కి తీసుకెళ్తా అన్నా" అన్నాడు. ఆ రాత్రే గేజ్ తీశాను.

వాల్వు పాడైతే ముల్లు లయగా పడి లేస్తుంది. ఇది కదలకుండా తక్కువలో ఉంది. అంటే ఇగ్నిషన్ ఆలస్యంగానైనా అవుతుండాలి, ఎక్కడో గాలైనా చొరబడుతుండాలి. టైమింగ్ సరిగ్గానే ఉంది. గాస్కెట్ల చుట్టూ స్ప్రే కొట్టాను, ఇంజన్ వేగం మారలేదు. చివరికి బ్రేక్ బూస్టర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టాన్ని పట్టుకారుతో నొక్కాను. ముల్లు 19కి ఎక్కింది.

బూస్టర్ లోపలి డయాఫ్రం చిరిగింది. అది పూర్తిగా పోతే బ్రేకులు ఉంటాయి గానీ పెడల్ రాయిలా తయారవుతుంది, బలమంతా పెట్టి తొక్కాలి. రెండేళ్ళుగా బ్రేకు చేస్తున్న హెచ్చరికను నేను పెట్రోలు పోసి జోకొట్టాను.

విలియం క్లిఫర్డ్ 1877లో ప్రచురించిన 'ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్' వ్యాసంలో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతదైందన్న అనుమానాన్ని నొక్కేసుకుని, ఏమీ కాదని మనస్ఫూర్తిగా నమ్మి, జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఓడ క్షేమంగా చేరినా అతను దోషేనంటాడు క్లిఫర్డ్, అలా నమ్మే హక్కు అతనికి లేదు కాబట్టి. ఇది మరీ కఠినమని ఒకప్పుడు అనుకున్నాను. ప్రతిదాన్నీ విప్పి చూస్తూ కూర్చుంటే బతికేదెప్పుడు? ఇప్పటికీ ఆ ప్రశ్న సబబే. కానీ నా సంగతి వేరు. గుర్తు కనబడింది. కారణం అడక్కుండా దాని నోరు మూశాను. నా తెలియనితనం స్క్రూడ్రైవర్‌తో నేను తయారుచేసుకున్నదే.

పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను, బాగుచేయించి ఇస్తానన్నాను.

"మొన్న చెప్పలేదేం అన్నా?"

'అప్పటికి తెలీదు' అన్న మాట నోటిదాకా వచ్చింది. అదీ నిజమే.

"చూడలేదు," అన్నాను.

కాసేపాగి అడిగాడు: "చూడనివి ఇంకేమైనా ఉన్నాయా?"

చూసి చెప్తానన్నాను.